శాక్రమెంటో సగం చట్టాలు

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్ల పే స్లిప్పులో ‘ఎస్‌డీఐ’ అని ఒక కోత కనిపిస్తుంది. 2025లో అది జీతంలో 1.2 శాతం. 2023 దాకా ఏడాదికి సుమారు లక్షన్నర డాలర్లు దాటిన జీతం మీద ఈ కోత ఉండేది కాదు. 2024 జనవరిలో ఆ హద్దు ఎత్తేయడంతో, పెద్ద జీతాలున్న ఇంజనీర్లకు అప్పటిదాకా కంటికి ఆనని ఆ అంకె ఒక్కసారిగా పెద్దదై కనిపించింది. ఇదేమిటని అడిగితే వైకల్య బీమా అని జవాబొస్తుంది. ఆ జవాబు సగమే నిజం. జబ్బుపడి పనికి రాలేనివాళ్లకు ఆ డబ్బు వెళ్లే మాట వాస్తవమే. బిడ్డ పుట్టిన తల్లికీ తండ్రికీ, మంచాన పడ్డ అమ్మానాన్నలను చూసుకోవడానికి ఇంటిపట్టున ఉండాల్సివచ్చిన కొడుకుకూ కూతురికీ వెళ్లేది కూడా ఆ డబ్బే. వీసా మీద ఉన్నవాళ్లూ చందా కడతారు, అవసరమొస్తే వాళ్లూ తీసుకోవచ్చు. ఎనభై ఏళ్ల కిందట పెట్టిన ఒక నిధి తనకు సంబంధం లేదనుకున్న పనులన్నీ ఒక్కొక్కటిగా నెత్తికెత్తుకున్న తీరు చూస్తే, అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభ్యుడు చేయగలిగిన పని ఏమిటో, చేయలేనిది ఏమిటో తేటపడుతుంది. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో వైద్యం మీద, రోడ్డు భద్రత మీద, కుటుంబ సెలవు మీద వచ్చిన చట్టాల్లో నిలిచినవి దాదాపు అన్నీ సగం చట్టాలే. అయితే అన్ని సగాలూ ఒక తీరుగా నిలవలేదు. ఇచ్చే మొత్తాన్ని, వారాలను, జరిమానాను తగ్గించిన చట్టాలు బతికి పెరిగాయి. మనుషులను వదిలేసి సగమైన చట్టాలు మాత్రం వదిలేసిన చోటే చిరిగాయి.

ఈ కథ ఓటములతో మొదలవుతుంది. రాష్ట్రంలో ఆరోగ్య బీమాకు వీలు కల్పించే రాజ్యాంగ సవరణను 1918 నవంబరులో ఓటర్ల ముందు పెడితే, మూడింట రెండొంతులకు పైగా జనం వద్దన్నారు. మళ్లీ పాతికేళ్లకు పైగా గడిచాక ఆ మాట ఎత్తింది రిపబ్లికన్ పార్టీ గవర్నర్ ఎర్ల్ వారెన్. తర్వాత అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చరిత్రకెక్కినది ఈయనే. 1944లో మూత్రపిండాల ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రి పాలైనప్పుడు, తనలా ఖర్చు భరించగలిగే స్తోమత లేనివాడి గతేమిటన్న ఆలోచన ఆయనకు వచ్చింది. 1945లో ఉద్యోగీ యజమానీ కలిసి చందా కట్టే నిర్బంధ ఆరోగ్య బీమాను శాసనసభ ముందు పెట్టాడు. డాక్టర్ల సంఘం విటేకర్ అండ్ బాక్స్‌టర్ అనే ప్రచార సంస్థను కుదుర్చుకుని దాన్ని సోషలిజం కిందకి జమకట్టింది. బిల్లు కమిటీ గడపే దాటలేదు. మరుసటి ఏడాదే, 1946లో, అదే సభ అదే గవర్నర్ హయాంలో ఇంకొక చట్టం చేసింది. నిరుద్యోగ బీమా కోసం ఉద్యోగుల జీతాల్లోంచి అప్పటికే ఒక శాతం కోస్తున్నారు. ఆ చందాను జబ్బుపడ్డ ఉద్యోగికి కొంత జీతం ఇవ్వడానికి మళ్లించారు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ కూడా ఆ ఏడాది అందుకు దారి తెరిచింది. అంతకుముందే, 1942లో, రోడ్ ఐలండ్ ఇలాంటి చట్టం చేసి చూపించింది. కొత్త పన్ను లేదు, కొత్త కార్యాలయం లేదు, డాక్టర్ల ఫీజుల జోలికి పోయే పని అసలే లేదు. వైద్యం ఇవ్వలేకపోయినా, వైద్యం చేయించుకునే రోజుల్లో పొయ్యి వెలగడానికి కాస్త డబ్బు ఇచ్చింది. పోరాడిన పెద్ద చట్టం ఓడింది, పెద్దగా ఎవరి కంటా పడని చిన్న చట్టం మిగిలింది.

ఆ చిన్న చట్టంలో ఒక పెద్ద లోపం ఉంది. గర్భం వల్ల పనికి రాలేకపోతే అందులోంచి పైసా రాదు. ఆడవాళ్లు కూడా అదే చందా కట్టేవారు, తీసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్లది లెక్కలోకి రాని కష్టం. 1974లో గెడుల్డిగ్ వర్సెస్ ఐయెల్లో కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ఇది స్త్రీ పురుషుల మధ్య వివక్ష కాదని, గర్భవతులకూ గర్భవతులు కానివారికీ మధ్య తేడా మాత్రమేనని తేల్చింది. ఆ తర్కం చదివితే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. తర్వాతి కొన్నేళ్లలో సవరణలు వచ్చాయి. అసలు మలుపు 1978లో రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు హోవార్డ్ బెర్మన్ తెచ్చిన చట్టం. గర్భం, కాన్పు కారణంగా పనికి రాలేని స్త్రీకి నాలుగు నెలల వరకు సెలవు, తిరిగొచ్చాక ఉద్యోగం. జీతం ఊసు లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఒక బ్యాంకు రిసెప్షనిస్టు 1982లో కాన్పు సెలవు ముగించుకుని వస్తే కుర్చీలో ఇంకొకరున్నారు. యజమానులు కోర్టుకెక్కారు. 1984లో కింది కోర్టు చట్టాన్ని కొట్టేసింది, 1987లో సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో నిలబెట్టింది. ఈ లోగా బెర్మన్ కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. తన రాష్ట్ర చట్టాన్నే దేశమంతటికీ తెద్దామని వాషింగ్టన్‌లోని మహిళా న్యాయవాదులను సంప్రదించాడు. తల్లులకే పరిమితమైన సెలవు రేపు తల్లులను ఉద్యోగాల్లోకి తీసుకోకపోవడానికి సాకు అవుతుందని, తండ్రికీ, జబ్బుపడ్డ ఎవరికైనా వర్తించేలా రాయాలని వాళ్లు వాదించారు. ఆ ఆలోచనతోనే 1985లో కాంగ్రెస్ సభ్యురాలు పాట్రీషియా ష్రోడర్ తొలి బిల్లు పెట్టింది. అధ్యక్షుడు జార్జ్ బుష్ (సీనియర్) రెండుసార్లు, 1990లోనూ 1992లోనూ, వీటో చేశాక 1993 ఫిబ్రవరి 5న క్లింటన్ సంతకంతో అది ఫెడరల్ చట్టమైంది. 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో. చిన్న దుకాణంలో పనిచేసేవాళ్లు అప్పుడు బయట ఉండిపోయారు, ఫెడరల్ చట్టం వరకు ఇప్పటికీ బయటే ఉన్నారు. మనుషులను మినహాయించిన చోట ఏళ్లు గడిచినా గోడ కదలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

జీతంతో కూడిన సెలవు మళ్లీ శాక్రమెంటో నుంచే రావాల్సి వచ్చింది. తెచ్చినామె రాష్ట్ర సెనేటర్ షీలా క్యూల్. చిన్నవయసులో టీవీ నటి, తర్వాత హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, 1994లో అసెంబ్లీకి, 2000లో సెనేట్‌కు ఎన్నికైంది. 2002లో ఆమె పెట్టిన బిల్లు మొదట 12 వారాల సెలవు కోరింది, ఖర్చు ఉద్యోగీ యజమానీ చెరిసగం భరించాలంది. వ్యాపార సంఘాలు ఇది ఉద్యోగాలను చంపే బిల్లని గోల చేశాయి. బేరం సాగింది. 12 వారాలు 6 వారాలయ్యాయి. యజమాని వాటా మొత్తం ఎగిరిపోయి, భారమంతా ఉద్యోగుల చందా మీద పడింది. వచ్చేది జీతంలో 55 శాతం. సెప్టెంబరు 23న గవర్నర్ గ్రే డేవిస్ సంతకం పెట్టాడు, 2004 జూలై 1 నుంచి డబ్బు అందడం మొదలైంది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఇక్కడ గమనించాల్సింది ఆమె దేన్ని వదులుకుందో, దేన్ని వదులుకోలేదో. వారాలను వదులుకుంది, యజమానుల డబ్బును వదులుకుంది. చందా కట్టే ఏ ఉద్యోగినీ మాత్రం వదులుకోలేదు. ఫెడరల్ చట్టంలోని 50 మంది నిబంధనను ఇందులోకి రానివ్వలేదు. ఒక్క ఉద్యోగి ఉన్న దుకాణంలోనైనా ఆ ఒక్కడికీ హక్కుంది. 1946 నాటి నిధినే వాడుకుంది కాబట్టి కొత్త యంత్రాంగం అక్కర్లేకపోయింది. ప్రభుత్వోద్యోగులు చాలామంది ఆ నిధిలో లేరు కనుక ఇందులోనూ లేరు. అది పాత చట్టం నుంచి వచ్చిన లోటు.

దీనికి ఎదురుగా గట్టి అభ్యంతరమే ఉంది. 55 శాతం జీతంతో ఇల్లు నడవని పేద ఉద్యోగి చందా కట్టి కూడా సెలవు తీసుకోలేదు. సెలవు తీసుకున్నది ఎక్కువగా కాస్త మంచి జీతమున్నవాళ్లు. అంటే పేదల డబ్బుతో మధ్యతరగతి సెలవు పెట్టిందన్నమాట. పైగా ఈ చట్టం డబ్బిచ్చింది కానీ ఉద్యోగానికి హామీ ఇవ్వలేదు. అభ్యంతరం నూటికి నూరుపాళ్లూ నిజం. రూత్ మిల్క్‌మన్, ఐలీన్ అప్పెల్‌బామ్ అనే ఇద్దరు పరిశోధకులు 2010 ప్రాంతంలో జరిపిన సర్వేల్లో, అసలు అవసరం పడ్డ ఉద్యోగుల్లో సగానికి పైగా ఈ చట్టం ఉందన్న సంగతే ఎరుగరని తేలింది. అవే సర్వేల్లో యజమానుల్లో దాదాపు 90 శాతం తమ పనికి నష్టమేమీ కలగలేదన్నారు. ఈ రెండో ఫలితమే మొదటి లోపాన్ని సరిదిద్దడానికి దారి తీసింది. భయపడ్డ ఉపద్రవం రాలేదని తేలాక, కొలతలు పెంచమని అడగడం తేలికైంది. 2014లో తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు, అత్తమామలు కూడా జాబితాలోకి వచ్చారు. 2018 నుంచి శాతం 60-70కి పెరిగింది. 2020 జూలైలో 6 వారాలు 8 అయ్యాయి. 2021 నుంచి ఐదుగురు ఉద్యోగులున్న సంస్థల్లో కూడా ఉద్యోగ హామీ వచ్చింది. సెనేటర్ మరియా ఎలెనా డురాసో 2022లో తెచ్చిన చట్టంతో 2025 నుంచి తక్కువ జీతాలవాళ్లకు 90 శాతం, మిగతావాళ్లకు 70 శాతం అందుతోంది. దానికి డబ్బు ఎక్కడిదంటే, పెద్ద జీతాల మీద హద్దు తీసేయడం వల్ల వచ్చినదే. అభ్యంతరం చెప్పినవాళ్లు ఎత్తిచూపిన అన్యాయాన్ని సరిచేసింది అదే నిధి. పేదవాడు మొదటి రోజు నుంచీ నిధిలో సభ్యుడు కాబట్టే అది కుదిరింది. అతన్ని మొదటే బయట ఉంచి ఉంటే తర్వాత లోపలికి తేవడానికి ఇంకో యుద్ధం చేయాల్సి వచ్చేది.

యజమానుల మీద రూపాయి వేయకపోవడం లొంగుబాటు కాదా అనేవాళ్లు మన దేశం సంగతి కూడా చూడాలి. బొంబాయి ప్రావిన్సు శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద 1928లో చర్చ జరిగినప్పుడు, బిల్లును గట్టిగా సమర్థించిన అంబేద్కర్ ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించడం న్యాయమని కూడా అన్నాడు. 1929 బొంబాయి చట్టం భారాన్ని యజమాని మీదే పెట్టింది, 1961 కేంద్ర చట్టమూ అదే దారి పట్టింది. 2017లో సెలవు 26 వారాలకు పెరిగినప్పుడు కూడా, ఈఎస్ఐ పరిధిలో లేని స్త్రీకి జీతమిచ్చే బాధ్యత ఆమె యజమానిదే. పెళ్లయిన అమ్మాయిని ఇంటర్వ్యూలో తిరగ్గొట్టడానికి ఇది చాలినంత కారణమని హైదరాబాద్ కంపెనీల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. క్యూల్ బేరంలో ఓడిపోయిన ఆ యజమాని వాటా, అనుకోకుండానే, స్త్రీలను ఉద్యోగంలోకి తీసుకోవడానికి ఒక అడ్డంకిని తొలగించింది. చిన్న కొలతతో మొదలైనా ఖర్చుకు గట్టి ఆధారం ఉండాలన్నదానికి ఎదురు ఉదాహరణ వాషింగ్టన్ రాష్ట్రం. అక్కడ 2007లో వారానికి 250 డాలర్ల చొప్పున 5 వారాల సెలవుకు చట్టం చేశారు. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం రాయలేదు. వాయిదా మీద వాయిదాతో ఆ చట్టం ఒక్క తల్లికీ ఒక్క డాలరూ ఇవ్వలేదు. 2017లో చందా పద్ధతితో కొత్త చట్టం చేసి, 2020 నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు.

రోడ్డు మీదకు వస్తే తేడా ఇంకా స్పష్టం, ఎందుకంటే అక్కడ ఫలితం శవాల లెక్కలో తేలుతుంది. 1966 ఫెడరల్ చట్టం హెల్మెట్ నిబంధన పెట్టని రాష్ట్రాలకు రోడ్డు నిధులు తగ్గిస్తామని బెదిరించడంతో, 1975 నాటికి 47 రాష్ట్రాల్లో అందరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది. లొంగనివాటిలో కాలిఫోర్నియా ఒకటి. 1976లో కాంగ్రెస్ ఆ బెదిరింపునే రద్దు చేసింది. ఆ రద్దును ముందుండి నడిపినవారిలో కాలిఫోర్నియా సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ ఉన్నాడు. 1985లో రాష్ట్రంలో ఒక సగం చట్టం అమల్లోకి వచ్చింది. పదిహేనున్నర ఏళ్లలోపు పిల్లలు హెల్మెట్ పెట్టుకోవాలి. దూసుకుపోతున్న బండి మీద కూర్చున్నవాడి వయసు ఏ పోలీసు కనిపెడతాడు? మనుషులను వయసుతో విడదీసిన ఆ చట్టం అమలుకే లొంగలేదు. అసెంబ్లీ సభ్యుడు రిచర్డ్ ఫ్లాయిడ్ అందరికీ హెల్మెట్ అన్న బిల్లును పట్టువదలకుండా తెచ్చాడు. గవర్నర్ జార్జ్ డ్యూక్‌మేజియన్ వీటో చేశాడు. తర్వాత వచ్చిన పీట్ విల్సన్ 1991లో సంతకం పెట్టాడు. 1992 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 1991లో మోటారు సైకిళ్ల మీద చనిపోయినవారు 523 మంది, 1992లో 327. అంటే 37 శాతానికి పైగా తగ్గుదల. సీటు బెల్టు కథ ఇంకో దారి పట్టింది. స్పీకర్ విల్లీ బ్రౌన్ తెచ్చిన చట్టం 1986లో మొదలైంది. కార్లో ఉన్న అందరూ బెల్టు పెట్టుకోవాలి. అయితే వేరే తప్పుకు బండి ఆపినప్పుడే దానికి జరిమానా. అది కూడా సగమే. కానీ తగ్గింది శిక్ష తీవ్రత, పరిధిలోని మనుషులు కారు. దాంతో జనం బెల్టుకు అలవాటు పడ్డారు, 1993లో బెల్టు లేకపోతే చాలు ఆపవచ్చని సవరించినప్పుడు పెద్దగా గొడవే కాలేదు. అలా మారిన రాష్ట్రాల్లో అదే మొదటిది. తల నాది, పగిలితే నాకేనని వాదించేవాళ్లకు జవాబు ఆస్పత్రి బిల్లులోనే ఉంది. ఆ వాదన మీద ఇంతకంటే సమయం వెచ్చించనక్కర్లేదు.

వైద్యం దగ్గరే ఈ సూత్రానికి గట్టి పరీక్ష. 2002లో సగానికి ఒప్పుకున్న క్యూలే, వైద్యం విషయంలో పూర్తి చట్టానికి పట్టుబట్టింది. ప్రైవేటు బీమా కంపెనీల స్థానంలో రాష్ట్రమే అందరి వైద్య ఖర్చు చెల్లించే ఆమె బిల్లును 2006లో రెండు సభలూ ఆమోదించాయి. అంతటి బిల్లును అంతదూరం తీసుకెళ్లిన రాష్ట్రం అప్పటికి ఇంకొకటి లేదు. గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వీటో చేశాడు, 2008లో మళ్లీ చేశాడు. ఈ మధ్యలో ష్వార్జ్‌నెగర్ తన సొంత పథకం తెచ్చాడు. అందరూ బీమా కొనాలి, పేదలకు సాయం అందుతుంది. 2008 జనవరిలో అది సెనేట్ ఆరోగ్య కమిటీలో చచ్చిపోయింది. ఆ కమిటీ అధ్యక్షురాలు క్యూలే. రెండేళ్ల తర్వాత దేశమంతటికీ వచ్చిన చట్టం దాదాపు అదే నమూనాలో ఉండటంతో, ఆమె మొండితనం వల్ల రాష్ట్రం అవకాశం పోగొట్టుకుందని విమర్శించినవాళ్లున్నారు. నాకు ఆ విమర్శ పూర్తిగా సబబనిపించదు. ప్రీమియంలకు పగ్గం లేకుండా జనాన్ని కొనమని నిర్బంధించడం ఆమె అభ్యంతరం. కొన్నేళ్లకే డబ్బు చాలదని శాసనసభ సొంత విశ్లేషకులే హెచ్చరించారు. ఆధారం లేని సగాన్ని ఆమె కాదంది. అయితే తన పూర్తి బిల్లుకు కూడా అలాంటి గట్టి ఆధారం చూపలేకపోయిందన్నది అంతే నిజం.

ఈ రెండు దారులూ తొక్కిన ఇంకొకరు రాష్ట్ర సెనేటర్ రికార్డో లారా. అనుమతి పత్రాలు లేని వలసదారులందరికీ రాష్ట్ర వైద్య పథకం మెడి-కాల్ వర్తింపజేయాలన్నది ఆయన అసలు కోరిక. అది సాగక 2015లో పిల్లల వరకు కుదించి గెలిచాడు, 2016 మేలో అమలైంది. 2017లో ప్రభుత్వమే అందరికీ చెల్లించే బిల్లును సెనేట్ దాటించాడు. ఏడాదికి 400 బిలియన్ డాలర్ల అంచనా, ఆ డబ్బెలా వస్తుందో రాసిలేదు. స్పీకర్ ఆంథనీ రెండన్ దాన్ని అటకెక్కించాడు. పిల్లల చట్టం మాత్రం మెట్టుమెట్టుగా పెరిగింది. 2020లో పాతికేళ్ల వరకు యువత, 2022లో 50 నిండినవాళ్లు, 2024 జనవరిలో మిగతా అందరూ. సగం చట్టాల గెలుపుకు ఇంతకంటే రుజువేం కావాలనిపించింది. తీరా బడ్జెట్ లోటు రాగానే 2025లో శాసనసభ వెనక్కి తగ్గింది. 2026 జనవరి నుంచి పత్రాలు లేని పెద్దవాళ్లకు కొత్త చేరికలు ఆగిపోయాయి. చిరుగు ఎక్కడ పడిందో చూడండి. ఒకప్పుడు పిల్లలకూ పెద్దలకూ మధ్య గీసిన గీత మీదే.

మెడికేర్ కూడా 65 ఏళ్లన్న గీతతోనే మొదలైంది కదా, 1965 నుంచి చెక్కుచెదరలేదు కదా అని అడగవచ్చు. ఆ గీత మనిషికీ మనిషికీ మధ్య గీసింది కాదు. ఇవాళ చందా కట్టే ముప్పై ఏళ్లవాడు రేపు 65కు చేరతానన్న నమ్మకంతోనే కడతాడు. అత్తమామల కోసం సెలవు చట్టాన్ని సమర్థించిన కుర్రవాడు ఏదో ఒకరోజు తనకూ ఆ అవసరం పడుతుందని ఎరుగును. పత్రాలు లేకపోవడం అలాంటి దశ కాదు. మిగతా ఓటర్లలో ఎవరూ ఏదో ఒక రోజు తాము అక్కడికి చేరతామని అనుకోరు. అందుకే అక్కడ రక్షణకు నిలిచేవాళ్లు తక్కువ. 1946లో గర్భవతులను వదిలేసినప్పుడు జరిగింది ఇదే. దాన్ని దిద్దుకోవడానికి రాష్ట్రానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఇంకో మాట. ఈ ఘనతను శాసనసభ్యుల ఖాతాలో వేయడం న్యాయమేనా? కార్మిక సంఘాలు, మహిళా న్యాయవాదులు, పిల్లల డాక్టర్లు లేకుండా ఇందులో ఒక్కటీ వచ్చేది కాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఉద్యమం ఎప్పుడూ మొత్తం కావాలనే అడుగుతుంది, అడగాలి కూడా. ఆ మొత్తంలో దేన్ని ఇవాళ వదులుకోవచ్చో, దేన్ని వదులుకుంటే మళ్లీ దొరకదో సభలో నిలబడి తేల్చుకునేది సభ్యుడే. 1990లో ఓటర్లు పెట్టిన పదవీకాల పరిమితి వల్ల శాక్రమెంటోలో ఎవరూ తాము మొదలుపెట్టినదాన్ని పూర్తిచేసేదాకా ఉండలేరు. క్యూల్ 2008లో సెనేట్ విడిచింది. ఆమె చట్టాన్ని పెంచినవాళ్లు వేరేవాళ్లు. శాతం 55 నుంచి 90 దాకా వచ్చింది, జాబితాలోకి అత్తమామలూ వచ్చారు. 2002లో ఆమె అడిగిన 12 వారాలు మాత్రం ఇంకా రాలేదు, లెక్క 8 దగ్గరే ఆగి ఉంది.